పదో ఉటంకింపు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో రెండో అంతస్తు చివర ఒక గది ఉంది. ఫ్యాను వేస్తే చాలు, దాని తలుపు దానంతట అదే మూసుకుంటుంది. ఆ గదిలో కూర్చునే మనిషిని అందరూ తూకాలాయన అంటారు. ఆయన దగ్గర తక్కెడా లేదు, రాళ్ళూ లేవు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, బల్ల తుడుచుకునే గుడ్డ ఒకటి, అంతే. ఆయన తూచేది మనుషుల్ని. మనుషుల్నంటే వాళ్ళ పాండిత్యాన్ని. ఏ ప్రొఫెసరు ఎన్ని వ్యాసాలు అచ్చు వేశాడు, వాటిని ఎందరు తమ వ్యాసాల చివర ఇచ్చే జాబితాలో ఉటంకించారు, ఆ లెక్కన ఆయనగారి బరువెంత అన్నది తేల్చి, కాగితం మీద అచ్చువేసి, కింద సంతకం పెట్టి ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆయన పుస్తకాలు చదువుకుంటూ బతికేయొచ్చని అనుకున్నాడు. లోకం ఆయన చేత చదివించడం మానేసి లెక్కపెట్టించడం మొదలుపెట్టింది.

ఆ గదికి వచ్చేవాళ్ళ మర్యాదలు చూసి తీరాలి. పదోన్నతి కాగితం కావలసిన నెలలో మెట్ల మీదే ఎదురై, ఒంట్లో ఎలా ఉంది, మొన్నటి దగ్గు తగ్గిందా అని అడుగుతారు. కాగితం చేతిలో పడ్డ మర్నాడు ఆయన ఎదురుగా వస్తే ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకుంటారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆయన మాత్రం ఇవేవీ మనసులో పెట్టుకునే రకం కాదు. తన తూకంలో దొంగతనం ఉందని ఎవడూ వేలెత్తి చూపలేడు, ఆయనకు అదే పదివేలు.

ఆయన పనిలో ముఖ్యమైన భాగం శుభ్రం చేయడం. ఉటంకింపులు లెక్కపెట్టే యంత్రం ఎక్కడో దూరాన ఉన్న ఒక కంపెనీది. దానికి తెలివి ఎక్కువే గాని చత్వారం కూడా ఉంది. ఒకే వ్యాసం రెండు చోట్ల కనిపిస్తే రెండు వ్యాసాలనుకుంటుంది. అలాంటి జంటల్ని వెతికి పట్టుకుని, రెంటినీ ఒకటిగా కలిపెయ్యాలి. బల్ల మీద దుమ్ము కనపడితే గుడ్డ తీసినంత మామూలుగా ఆయన చెయ్యి ఆ పని చేసేస్తుంది. ఈ కలపడం వల్ల బరువు పెరిగినట్టు కనిపించే పెద్దమనుషులు ఎందరో తగ్గిపోయారు. కొందరు అరిచారు, కొందరు బతిమాలారు. ఆయన ఎవరి మాటా వినలేదు.

బయట ఇంత భయభక్తులున్న మనిషికి ఇంట్లో పూచికపుల్ల విలువ లేదు. "మీ మాటలు ఇంతవరకూ ఎవరైనా ఎక్కడైనా ఉటంకించారా? ఇంట్లో మీ ఇండెక్స్ సున్నా," అంటుంది భార్య. ఆయనకు అది సరదాగానే ఉంటుంది, కొంచెం గుచ్చుకుంటుంది కూడా.

ఒకరోజు సాయంత్రం టీ తాగుతూ ఆవిడే అడిగింది.

"ఇంతకీ ఆ హెచ్ ఇండెక్స్ అంటే ఏమిటండీ? మా అక్క దాని గురించే తెగ దిగులు పడుతోంది."

"నీకు పదిమంది పిల్లలున్నారనుకో."

"అనుకోను."

"అబ్బ, మాటవరసకే! ఆ పదిమందిలో ఒక్కొక్కడికీ కనీసం పదేసిమంది స్నేహితులుంటే నీ ఇండెక్స్ పది. పిల్లలంటే వ్యాసాలు. స్నేహితులంటే ఆ వ్యాసాన్ని ఉటంకించినవాళ్ళు."

"తొమ్మిదిమందికి బాగానే ఉండి, పదోవాడికి తొమ్మిదిమందే ఉంటే?"

"అప్పుడు తొమ్మిదే."

"ఒక్కడే ఉండి, వాడికి వెయ్యిమంది ఉంటే?"

"వాడొక్కడే కదా. ఒకటి."

"బాగుంది లెక్క! వెయ్యిమంది మెచ్చినవాణ్ణి కన్నదానికి ఒకటా? ఇది కనిపెట్టినవాడికి పిల్లలు లేరేమో కనుక్కోండి."

ఆవిడ అక్క అంటే తూకాలాయనకు వదిన. ఆవిడా అదే విశ్వవిద్యాలయంలో, జంతుశాస్త్ర విభాగంలో పనిచేస్తుంది. నేల మీద తిరిగే నత్తల మీద పరిశోధన. విద్యార్థులు చాటున నత్తలావిడ అంటారు, ఆవిడకు తెలుసు, కోపం లేదు. పెళ్ళి ఊసెత్తిన బంధువులందరికీ ఒకటే జవాబు చెప్పి పంపేసింది: "సొంతిల్లు వీపున మోసుకు తిరిగేవాళ్ళతో నా సహవాసం. ఇంకొకరింటికి నేనెందుకు వెళ్తాను?" చెల్లెలి ఇంటికి నాలుగిళ్ళ అవతల అద్దె గదిలో ఉంటుంది గాని, రాత్రి భోజనం ఎప్పుడూ వీళ్ళ దగ్గరే.

విభాగం భవనంలో మెట్ల వెనక ఉన్న గది ఆవిడ రాజ్యం. గోడల నిండా లోతు తక్కువ చెక్క సొరుగులు. సొరుగులో వరసగా గాజు గొట్టాలు, గొట్టంలో నత్తగుల్ల, గుల్లతోపాటు వేలిగోరంత చీటీ. ఆ చీటీ మీద ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు తీశారు అన్నది ఆవిడ చేతిరాతలో ఉంటుంది. తూకాలాయన మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఒక గొట్టం వెలుతురుకు ఎత్తి పట్టుకుని, లోపల ఏమీ లేదన్నాడు. ఆవిడ భూతద్దం చేతికిచ్చింది. నువ్వుగింజంత నత్త, ఎడమవైపుకి మెలితిరిగి, రాతి పగుళ్ళలో నాచు తింటూ బతికేది. దాన్ని లోకంలో మొదట గుర్తించి పేరు పెట్టింది ఆవిడే. "ఆ చీటీ జాగ్రత్త మరిదీ. చీటీ పోతే గుల్ల గుల్లే, దానికి ఊరూ పేరూ ఉండవు," అంది.

ఇన్నేళ్ళూ ఆవిడది తాత్కాలిక ఉద్యోగమే. ఏటా వేసవి చివర, ఇంకో ఏడాది ఉండొచ్చని ఉత్తరం వచ్చేది. జుట్టు నెరిసింది గాని ఉద్యోగం మాత్రం తాత్కాలికంగానే మిగిలింది. ఈ ఏడు పైవాళ్ళు కొత్త నియమం తెచ్చారు. తాత్కాలికుల్లో హెచ్ ఇండెక్స్ పది, ఆపైన ఉన్నవాళ్ళని పర్మనెంటు చేస్తారు. లేనివాళ్ళకి ఇక ఉత్తరం రాదు. ఫలానా శుక్రవారం సాయంత్రానికి యంత్రంలో ఏ అంకె ఉంటే అదే అంకె. మనిషి పోతే ఆ మనిషి గది కూడా విభాగానికి తిరిగి వెళ్ళిపోతుంది. వదిన ఉద్యోగం, దానితోపాటు ఆ సొరుగులు, రెండూ ఒక్క అంకె మీద నిలబడ్డాయి.

ఆ అంకె తేల్చవలసినవాడు సొంత మరిది. "నీకేమమ్మా, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే," అని తోటి ఉద్యోగినులు ఆవిడను ఏడిపించారు. ఆవిడ నవ్వి, "మీకు మా మరిది సంగతి తెలీదు. ఆయన వడ్డిస్తే అందరికన్నా నాకే ఓ గరిటె తక్కువ పడుతుంది," అంది. సరదాకే అంది పాపం.

గడువుకు మూడు వారాల ముందు తూకాలాయన వదిన పేజీ తెరిచి చూశాడు. సరిగ్గా పది. అంచు మీదే గాని, పది పదే కదా. ఆయన ఆ రోజు మామూలు కంటే ముందే ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పేశాడు. భార్య ఆయన్ని పట్టుకుని ఏడ్చినంత పనిచేసింది. వదిన మాత్రం కంచం ముందు కూర్చుని, "పది అంటే అన్నీ సరిగ్గా ఉన్నాయన్నమాట. ఇంక ఆ కిటికీ పక్క సొరుగులకి చెదమందు కొట్టించొచ్చు," అంది. ఆవిడ సంతోషం ఆ రూపంలో వచ్చింది.

ఆ తర్వాతి సోమవారం జరిగినదానికి ఎవర్ని అనాలో నాకు ఈ రోజుకీ తెలియదు. గడువు దగ్గర పడుతోంది కాబట్టి తూకాలాయన అందరి పేజీలూ ఒక్కొక్కటే శుభ్రం చేస్తూ వచ్చాడు. వదిన పేజీ కూడా వరసలో వచ్చింది. ఆవిడ రాసిన నత్తల పుస్తకం రెండుసార్లు కనిపించింది, ఒకటి అచ్చు పుస్తకంగా, ఇంకొకటి అదే పుస్తకం ఆన్‌లైన్ ప్రతిగా. అచ్చు పుస్తకాన్ని ఉటంకించినవాళ్ళు అటు పడ్డారు, ఆన్‌లైన్ ప్రతిని ఉటంకించినవాళ్ళు ఇటు పడ్డారు. ఆయన చెయ్యి ఆగలేదు. రెంటినీ ఎంచి, కలుపు అన్నచోట నొక్కింది. నొక్కాక పుస్తకం పక్కన పెద్ద అంకె వస్తుంది, చూడ్డానికి దర్జాగా ఉంటుందని ఆయన సంతోషించాడు కూడా. ఇంకో పేజీకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున యంత్రం లెక్క కొత్తగా కట్టుకుంది. వదిన ఇండెక్స్ తొమ్మిది.

ఆయన మొదట యంత్రం తప్పు చేసిందనుకున్నాడు. కాగితం తీసి చేత్తో లెక్క వేశాడు. రెండోసారి వేశాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇతరుల లెక్కలు కట్టే మనిషి, ఇంటి మనిషి లెక్క దగ్గర ఒక్క క్షణం ఆగి ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే తెలిసేది. పదీ ఆపైన ఉటంకింపులున్న ఆ పదింటిలో రెండు ఆ పుస్తకానివే. ఇద్దరు పిల్లల్ని ఒకడిగా చేస్తే వాడికి స్నేహితులు ఎందరు పెరిగినా, పిల్లల్లో ఒకడు తగ్గుతాడు. ఆ తర్వాతి వరసలో ఉన్నది నువ్వుగింజ నత్త వ్యాసం. దానికి ఉన్నవి తొమ్మిది ఉటంకింపులు. ఒక్కటంటే ఒక్కటి తక్కువ.

ఇంట్లో ఈ సంగతి చెప్పడానికి ఆయనకు భోజనం అయ్యేదాకా ధైర్యం చాలలేదు. చెప్పాక భార్యకు అర్థం కావడానికి అరనిమిషం పట్టలేదు.

"అంటే ఇద్దర్ని ఒకడిగా కలిపేశారన్నమాట."

"ఔను."

"ఎవరైనా అడిగారా మిమ్మల్ని?"

"అడగలేదు. అది నా పని."

"ఎవరిళ్ళో కూలితే కూలాయి గాని, మా అక్క గూడు కూడా మీ చేత్తోనే పడగొట్టాలా? విడదీసెయ్యండి మళ్ళీ!"

వదిన గ్లాసులో నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టింది. "అది ఒకటే పుస్తకమే. నేను రాసింది ఒక్కసారే," అంది. అదే ఆయనకు కొట్టినట్టయింది.

ఆయన విడదీయడానికి ప్రయత్నించలేదనుకోకండి. చెయ్యకూడని పనే అని తెలిసి, తన జీవితంలో మొదటిసారి, తప్పుడు తూకం కోసం కంపెనీకి ఉత్తరం రాశాడు. కలపడానికి ఒక నొక్కు చాలు గాని, విడదీయాలంటే వాళ్ళే చెయ్యాలి. జవాబు నాలుగు రోజులకు వచ్చింది. 'పరిశీలించాము. రెండూ ఒకే రచన. మీరు కలిపినది సరైనదే. మా సమాచారాన్ని మెరుగుపరచినందుకు ధన్యవాదాలు.' గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ ధన్యవాదాలొకటి.

ఇక మిగిలిన దారి ఒక్కటే. నువ్వుగింజ నత్త వ్యాసాన్ని ఎవరో ఒకరు ఉటంకించి ఉండాలి, యంత్రం దాన్ని చూడకుండా వదిలేసి ఉండాలి. అలాంటిది ఒక్కటి దొరికితే చాలు. తూకాలాయన నత్తల మీద వచ్చిన వ్యాసాలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. అప్పుడు ఆయనకు ఒక విడ్డూరం తెలిసింది. వదిన పెట్టిన పేరు ఎక్కడ చూసినా ఉంది. నత్త పేరు పక్కనే పేరు పెట్టినవాళ్ళ ఇంటిపేరు రాయడం ఆ శాస్త్రంలో ఆచారం. అలా వదిన ఇంటిపేరు ఎందరి వ్యాసాల మధ్యలోనో కూర్చుని ఉంది. కాని పేరు రాశాం కదా, చాలదా అని, వ్యాసం చివరి జాబితాలో మాత్రం ఎవరూ ఆవిడ వ్యాసాన్ని ఎక్కించరు. యంత్రం చదివేది ఆ చివరి జాబితానే. ఊరంతా పేరు పెట్టి పిలిచే మనిషిని ఓటర్ల జాబితాలో లేదని వెనక్కి పంపినట్టుంది వ్యవహారం.

"ఇంతమంది మీ పేరు వాడుకుంటున్నారు గదా వదినా, కింద ఒక్క లైను రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది?" అని ఆయన వాపోయాడు.

"మేమంతా అలాగే రాస్తాం మరిదీ. నేనూ పాతవాళ్ళ విషయంలో అంతే చేశాను," అంది ఆవిడ. "వాళ్ళలో ఎవరికైనా నా వల్ల ఉద్యోగం పోయిందేమో ఎవరు చూశారు?"

గడువుకు వారం ఉందనగా ఆయనకు ఒకటి దొరికింది. నిజంగా దొరికింది. నాచు తినే నత్తల మీద ఒక కుర్ర పరిశోధకుడి వ్యాసం. అచ్చుకు ముందు అతను అందరూ చూసేలా ఆన్‌లైన్లో పెట్టిన చిత్తుప్రతిలో, చివరి జాబితాలో, వదిన వ్యాసం శుభ్రంగా ఉంది. అచ్చయిన ప్రతిలో లేదు. పత్రికవాళ్ళు అచ్చులో మింగేశారన్నమాట! పత్రికకు ఒక ఉత్తరం రాస్తే దిద్దుబాటు వేస్తారు, యంత్రం చూస్తుంది, పది. తూకాలాయన ఆ రెండు కాగితాలూ పట్టుకుని, తలుపుకు తాళం కూడా వెయ్యకుండా, నత్తల గదికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

వదిన సొరుగు ముందు ముక్కాలిపీట మీద కూర్చుని చీటీలు ఆరబెడుతోంది. ఆయన ఆయాసపడుతూ చెప్పిందంతా విని, కాగితాలు అందుకుని చూసింది. చూసి తిరిగి ఇచ్చేసింది.

"పత్రికవాళ్ళు మింగలేదు మరిదీ. తీసెయ్యమన్నది నేనే."

"మీరా?"

"ఆ వ్యాసం అచ్చుకు పనికొస్తుందో లేదో చూడమని నాకే పంపారు. చూసేవాళ్ళెవరో రాసినవాడికి చెప్పరు. చదివితే ఆ చోట నా వ్యాసం అవసరం లేదనిపించింది. ఎవరు చూస్తారో ఊహించి, నన్ను మంచి చేసుకోవడానికి పెట్టాడేమోనని కూడా అనిపించింది. నా దగ్గరకొచ్చిన వ్యాసంలో నా పేరే నేను ఉండనిస్తే బాగుంటుందా? అనవసరం, తీసెయ్యండి అని రాశాను."

"ఆ ఒక్కటి ఉండి ఉంటే..."

"పది. నాకూ లెక్కలు వచ్చు."

ఆవిడ నవ్వడానికి చూసింది గాని, నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆయనకు ఆవిడ మీద కోపం వచ్చింది. అంతలోనే, ఆవిడ స్థానంలో తనుంటే తనూ అంతే చేసేవాడని తోచి, ఆ కోపం ఎటు పోవాలో తెలియకుండా పోయింది. మింగలేడు, కక్కలేడు. పక్కనున్న పీట మీద కూలబడి, ఆవిడ ఆరబెట్టిన చీటీల్ని ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

ఆఖరికి డీన్ గారి దగ్గరకు కూడా వెళ్ళాడు. వెళ్ళకూడదనే అనుకున్నాడు. భార్య పొద్దున్న టీ ఇవ్వకుండా గ్లాసు ఖాళీగా ముందు పెట్టింది, ఇక వెళ్ళక తప్పలేదు. డీన్ గారు చెడ్డమనిషి కాదు. కుర్చీ చూపించి, మొత్తం విన్నాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీ వదినగారి పని గొప్పదని నాకు తెలుసండీ. నాకు తెలిసి ఏం లాభం? మనుషుల మాట మీద నడిస్తే పక్షపాతం అంటారనే కదా అంకె పెట్టుకున్నాం. ఇప్పుడు అంకె పక్కన పెట్టి నా మాట మీద ఎలా నడవను?"

"ఒక్కటే తక్కువండీ. అదీ నేను చేసిన పని వల్ల."

"మీరు చేసింది తప్పా?"

"కాదండీ."

"మరి?" డీన్ గారి గొంతులో నిజమైన బాధే ఉంది. "పోయినేడాది పదోన్నతుల దగ్గర ఒకాయన తనది తొమ్మిదిన్నర, పదితో సమానమే అని గొడవ చేస్తే మీరు మీటింగులో ఒక మాటన్నారు, గుర్తుందా? ఒక్కరికి మినహాయింపు ఇస్తే ఇక తూకమే ఉండదని. నాకు బాగా నచ్చింది. అప్పటినుంచి ప్రతి మీటింగులోనూ మీ పేరు చెప్పి మరీ ఆ మాట చెబుతున్నాను."

ఇన్నాళ్ళకు తూకాలాయన మాటను ఒకరు ఉటంకించారు. ఆయన లేచి, నమస్కారం పెట్టి, తలుపు నెమ్మదిగా వేసి వచ్చేశాడు.

శుక్రవారం సాయంత్రం వరసలో అందరి కాగితాలతోపాటు వదిన కాగితమూ ప్రింటరులోంచి వచ్చింది. వేరేవాళ్ళ చేత సంతకం పెట్టించుకోవచ్చా అని అడిగితే, ఆ కుర్చీలో వేరేవాళ్ళు లేరన్నారు. తొమ్మిది అన్న అంకె కింద ఆయన సంతకం పెట్టాడు. అది అన్ని సంతకాల్లాగే వచ్చింది, వంకర పోలేదు. దానికి కూడా ఆయన తర్వాత చాలాకాలం సిగ్గుపడ్డాడు.

వేసవి చివర ఉత్తరం రాలేదు. గది ఖాళీ చెయ్యడానికి వచ్చిన స్టోరు మనుషులు మంచివాళ్ళు. పని ఒళ్ళు దాచుకోకుండా చేశారు. సొరుగులు బయటి మెట్ల మలుపు తిరగవని, గాజు గొట్టాలు దారిలో పగిలి చేతులు కోసుకుపోతాయని, గుల్లలన్నీ జాగ్రత్తగా బయటకు తీశారు. చిన్నవి చిన్న పెట్టెలో, మధ్యరకం మధ్యరకం పెట్టెలో, పెద్దవి పెద్ద పెట్టెలో, ఎంతో పొందిగ్గా సర్దారు. చీటీలన్నీ పారెయ్యకుండా ఒక కవరులో వేసి అంటించారు. వదిన ఆ రోజు జీతం బకాయి కాగితాల కోసం ఆఫీసులో నిలబడి ఉంది. వచ్చేసరికి పని పూర్తయింది. స్టోరు పెద్ద చేతులు దులుపుకుంటూ, "ఒక్కటి కూడా పగల్లేదమ్మా, చూసుకోండి," అన్నాడు. ఆవిడ చిన్న పెట్టె మూత తీసి చూసింది. దోసెడు నువ్వుల్లాంటి గుల్లలు, ఏది ఏ కొండదో ఏ రాతిదో ఇక ఆ దేవుడు కూడా చెప్పలేడు. "చాలా బాగా సర్దారు బాబూ," అంది. అనక ఏం చేస్తుంది? తూకాలాయన గుమ్మం దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. ఆ మనుషుల మీద కేకలు వేద్దామని నోరు తెరిచాడు. వాళ్ళు చేసిన పనికీ తను చేసిన పనికీ తేడా ఏమిటో తోచక మూసుకున్నాడు.

పెట్టెలు ఏ స్టోరులోకి వెళ్ళాయో మొదటి నెల తెలుసు, తర్వాత తెలియదు. గదిలో జిరాక్స్ యంత్రం పెట్టారు. వదిన బడి పిల్లలకు సైన్సు ట్యూషన్లు చెబుతోంది. రాత్రి భోజనానికి మామూలుగానే వస్తుంది, మామూలుగానే మరిదిని ఆటపట్టిస్తుంది. ఆవిడ ఒక్క మాట అని ఉంటే ఆయన కాళ్ళమీద పడి ఏడ్చి ఊరట పొందేవాడు. అనలేదు.

ఏడాదిన్నర గడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ భోంచేసి కూర్చుని ఉండగా ఆయన ఫోను టింగుమంది. వదిన పేజీకి ఎప్పుడో తన ఈమెయిల్ తగిలించి, తీయడం మరిచిపోయాడు. 'అభినందనలు! మీ హెచ్ ఇండెక్స్ పదికి చేరింది' అని సందేశం. ఫోను తెర మీద దాని చుట్టూ రంగు కాగితాలు ఎగురుతున్నాయి.

"వదినా," అన్నాడు. "పది అయింది."

"ఇప్పుడా!" అంది భార్య. "చేతులు కాలాక ఆకులు తెచ్చాడు మహానుభావుడు. ఎవడండీ వాడు?"

వదిన ముందుకు వంగింది. "దేన్ని ఉటంకించారు?"

"నువ్వుగింజ నత్తని."

ఆవిడ మొహంలోకి వెలుగొచ్చింది. చాలాకాలానికి వచ్చింది. "నిజంగానా? ఏమన్నారు?"

ఏమన్నారు! తూకాలాయనను ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఎందరన్నారు అని తప్ప ఏమన్నారు అని ఆయనా ఎప్పుడూ చూడలేదు. ఆయన ఆ వ్యాసం తెరిచి, వదిన ఇంటిపేరు దగ్గరకు వెళ్ళాడు. నాలుగు వాక్యాలు. తనలో తను చదువుకుని, ఫోను బోర్లా పెట్టాడు.

"ఏం మరిదీ, తిట్టాడా?"

"లేదు."

"మరి చదువు. దాచుకుంటావేం?"

ఆయన చదివాడు. "'ఈ జాతిని వర్ణించిన వ్యాసం ఒక్కటే ఉంది. దానికి ఆధారమైన నమూనాలు ఇప్పుడు ఎక్కడున్నాయో ఆచూకీ దొరకలేదు. రచయిత్రికి రాసినా జవాబు లేదు. సరిచూసే వీలు లేనందున ఈ జాతిని సందేహాస్పదంగా భావించి, జాబితాలోంచి తొలగిస్తున్నాం.'"

వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినిపించింది.

"నాకేమీ రాయలేదే," అంది వదిన.

"విశ్వవిద్యాలయం ఈమెయిల్‌కి రాసుంటాడు. మీది మూసేశారు గదా."

"ఆఁ, ఔను." ఆవిడ కంచం అంచున మెతుకు వేలితో జరుపుతూ ఉండిపోయింది. "సరిగ్గానే రాశాడు. ఆధారం చూపించలేనిదాన్ని జాబితాలో ఎలా ఉంచుతాడు? నాకు చూడమని పంపి ఉంటే, నేనూ ఒప్పుకునేదాన్ని."

భార్య అక్క మొహం చూడలేక, లేచి ఖాళీ గిన్నెలు తీసింది. వంటింటి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"ఏమండీ, ఇలా రాసినా అది లెక్కలోకి వస్తుందా?"

"వస్తుంది," అన్నాడు తూకాలాయన. "ఒకటి."